ఓనర్ చెరిపేశాడు, అరువు తీసుకున్నవాడు దాచాడు: టీవీలో బతికిన నాటకాల కథ

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం.

హ్యారీ పాటర్ సినిమాల్లో ప్రొఫెసర్ మెక్‌గొనగల్ గుర్తున్నారా? కోసు టోపీ పెట్టుకుని, ఒక్క చూపుతో క్లాసు మొత్తాన్ని సైలెంట్ చేసే పెద్దావిడ. ఆ నటి పేరు మ్యాగీ స్మిత్. 2024లో చనిపోయారు. మనలో చాలామందికి ఆవిడ ముసలావిడగానే తెలుసు. కానీ 30 ఏళ్ల వయసులో ఆవిడ షేక్‌స్పియర్ నాటకం 'మచ్ అడో అబౌట్ నథింగ్'లో బియాట్రిస్‌గా చేశారు. ఎప్పుడూ గొడవపడే ఇద్దర్ని ఫ్రెండ్స్ అంతా కలిసి ప్లాన్ వేసి ప్రేమలో పడేస్తారు, అదీ కథ. మన సినిమాల్లో వంద సార్లు చూసిన లైనే.

లండన్‌లో నేషనల్ థియేటర్ వాళ్లు ఆ నాటకాన్ని 1965లో స్టేజీ మీద వేశారు. డైరెక్టర్ ఇటలీ నుంచి వచ్చిన ఫ్రాంకో జెఫిరెల్లీ. దాన్నే బీబీసీ టీవీ కోసం రికార్డు చేసి 1967 ఫిబ్రవరిలో ప్రసారం చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బీబీసీ దగ్గర ఆ రికార్డింగ్ లేకుండా పోయింది. నలభై ఏళ్లకు పైగా అందరూ ఇక అది దొరకదనే అనుకున్నారు. 2010లో ఒక కాపీ బయటపడింది. ఎక్కడ? ఇంగ్లండ్‌లో కాదు, అమెరికాలో, వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో.

తీసినవాళ్ల దగ్గర పోయింది, అరువు తీసుకున్నవాళ్ల దగ్గర మిగిలింది. ఎందుకలా జరిగింది అన్నదే ఈరోజు టాపిక్. చివర్లో ఇది మన ఇంటి బీరువా దాకా వస్తుంది, కాబట్టి స్కిప్ చేయకండి.

ముందు బేసిక్స్. నాటకంలో రెండు ఉంటాయి. ఒకటి రాసిన మాట, రెండోది ఆడిన ఆట. రాసిన మాటకి ఢోకా లేదు, పుస్తకం ఉంటుంది. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి విజయనగరంలో ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. 1909లో బాగా పెంచి, మార్చి మళ్లీ వేశారు. ఈరోజు మీరు ఏ పుస్తకాల షాపుకి వెళ్లినా అది దొరుకుతుంది. కానీ 1892లో ఆ మొదటి గిరీశం చుట్ట ఎలా పట్టుకున్నాడు? ఏ మాట దగ్గర ఆగాడు? ఎక్కడ జనం పగలబడి నవ్వారు? తెర పడగానే అదంతా అయిపోయింది. సినిమాకి ప్రింట్ ఉంటుంది. నాటకానికి ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్ల జ్ఞాపకమే ఉంటుంది. వాళ్లు పోతే అదీ పోతుంది.

అందుకే టీవీ వచ్చినప్పుడు, 'హమ్మయ్య, ఇక నాటకాలు దాచుకోవచ్చు' అనుకుని ఉంటారని మనకి అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నా. కానీ మొదట్లో టీవీకి దాచుకోవడం అన్నదే తెలియదు.

బీబీసీ టీవీ 1936 నవంబర్‌లో మొదలైంది. అప్పటి ప్రోగ్రాములన్నీ దాదాపు లైవే. 1938 నవంబర్‌లో జె.బి. ప్రీస్ట్‌లీ రాసిన 'వెన్ వుయ్ ఆర్ మ్యారీడ్' నాటకాన్ని లండన్ థియేటర్ నుంచే నేరుగా ఇంటి టీవీల్లోకి పంపారు. 1939 జనవరిలో షేక్‌స్పియర్ 'ట్వెల్ఫ్త్ నైట్' కూడా అలాగే వెళ్లింది. అందులో పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ నటించారు. డేవిడ్ లీన్ మన దేశంలో తీసిన 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' సినిమాకి ఆస్కార్ తీసుకున్న నటి ఆవిడ. ఆ రెండు ప్రసారాల్లో ఒక్క నిమిషం కూడా ఇప్పుడు లేదు. ఎవరూ చెరపలేదు, అసలు రికార్డే చేయలేదు. స్టేజీ మీద ఆడిన నాటకం ఎలా గాల్లో కలిసిపోతుందో, టీవీలో ఆడిందీ అలాగే కలిసిపోయింది.

మరి రిపీట్ టెలికాస్ట్ కావాలంటే? మళ్లీ అందరూ వచ్చి మళ్లీ ఆడాల్సిందే. జోక్ కాదు. అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్ 1955 మార్చిలో బ్రాడ్‌వే నాటకం 'పీటర్ పాన్'ని మేరీ మార్టిన్‌తో లైవ్‌గా వేసింది. సూపర్ హిట్. జనం మళ్లీ అడిగారు. 1956 జనవరిలో ఆవిడ మళ్లీ వచ్చి, మళ్లీ తాళ్లకు వేలాడుతూ ఎగిరి, మొత్తం నాటకం లైవ్‌లో చేశారు. 1960లో మూడోసారి చేసినప్పుడు కలర్ వీడియో టేపు మీద రికార్డు చేశారు. ఆ తర్వాత ఏళ్లలో ఆ టేపునే మళ్లీ మళ్లీ వేశారు.

అయితే టేపు రాకముందు కూడా ఒక జుగాడ్ ఉండేది. టీవీ తెర ముందు సినిమా కెమెరా పెట్టి, తెర మీద వచ్చేదాన్ని ఫిల్మ్ మీదికి తీయడం. ఇప్పుడు మనం ఒక ఫోన్ స్క్రీన్‌ని ఇంకో ఫోన్‌తో షూట్ చేస్తాం చూడండి, అచ్చం అదే. బ్రిటన్‌లో దాన్ని టెలిరికార్డింగ్ అనేవారు, అమెరికాలో కినెస్కోప్. క్వాలిటీ కొంచెం మసక. కానీ ఈరోజు మనం చూడగలుగుతున్న 1950ల నాటి టీవీ నాటకాల్లో చాలా భాగం ఆ మసక ఫిల్ముల పుణ్యమే.

1956లో ఆంపెక్స్ అనే అమెరికన్ కంపెనీ వీడియో టేపు మెషిన్ తెచ్చింది. టేపు వెడల్పు రెండు అంగుళాలు. బొమ్మ బాగుంటుంది, వెంటనే చూసుకోవచ్చు. అన్నిటికంటే పెద్ద ప్లస్ పాయింట్, చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. కొంప ముంచింది కూడా ఆ ప్లస్ పాయింటే.

ఒక్కసారి ఆ కాలం టీవీ ఆఫీసులో కూర్చుని ఆలోచిద్దాం. టేపు చాలా ఖరీదు. స్టూడియోలో రోజూ కొత్త ప్రోగ్రాములు. రాక్‌లు నిండిపోతున్నాయి. పైగా నటుల యూనియన్ ఈక్విటీతో ఒప్పందాలు ఉన్నాయి. ఒక నాటకాన్ని ఇష్టమొచ్చినన్ని సార్లు తిరగేసి వేస్తే కొత్త నాటకాలు తగ్గుతాయి, నటులకి పని పోతుంది అన్నది వాళ్ల భయం. న్యాయమైన భయమే. అందుకని రిపీట్లకి పరిమితి పెట్టుకున్నారు. అంటే ఆ గడువు దాటాక టేపు దాచినా, మళ్లీ డబ్బు కట్టకుండా వేసే హక్కు లేదు. దానికి తోడు 1960ల చివర్లో కలర్ వచ్చేసింది. ఇంకా బ్లాక్ అండ్ వైట్ నాటకాన్ని ఎవడు చూస్తాడు అనుకున్నారు. ఇంట్లో వీసీఆర్లు లేవు, ఓటీటీ అనే మాట ఎవరి కలలోనూ లేదు.

ఇన్ని కలిస్తే ఏం చేస్తారు? టేపుని అయస్కాంతంతో చెరిపి, కొత్త ప్రోగ్రాముకి ఇస్తారు. అలా 1960ల్లో, 70ల్లో బీబీసీ, మిగతా బ్రిటిష్ ఛానళ్లు చాలా నాటకాల్ని చెరిపేశాయి. 1978లో గానీ బీబీసీ తన ఫిల్ములన్నీ, టేపులన్నీ ఒకే లైబ్రరీ కిందికి తెచ్చి, ఏది ఉంచాలన్నది పద్ధతిగా చూడటం మొదలుపెట్టలేదు.

ఇక్కడ విలన్ ఎవరూ లేరు, అది గమనించండి. ఎవరికీ నాటకం మీద పగ లేదు. ఒక్కొక్కళ్లు తమ పని తాము కరెక్ట్‌గా చేశారు. అకౌంట్స్ వాళ్లు ఖర్చు తగ్గించారు, స్టోర్ వాళ్లు రాక్ ఖాళీ చేశారు, లీగల్ వాళ్లు ఒప్పందం పాటించారు. దాచడం మాత్రం ఎవరి డ్యూటీలోనూ లేదు. ఎవరి పనీ కానిది ఎవరూ చేయరు కదా.

మరి మ్యాగీ స్మిత్ నాటకం అమెరికాకి ఎలా చేరింది?

ఆ రోజుల్లో అమెరికాలో ఎన్‌ఈటీ అని ఒక పబ్లిక్ టీవీ నెట్‌వర్క్ ఉండేది. యాడ్స్ లేని, చదువుకి సంబంధించిన ప్రోగ్రాములు వేసే నెట్‌వర్క్. మంచి నాటకాలు కావాలి, అన్నీ తామే తీసే డబ్బు లేదు. అందుకని బ్రిటన్‌లో తీసినవి తెచ్చుకుని తమ ఊళ్లలో వేసుకున్నారు. వేసుకున్నాక ఆ కాపీలు అలా ఉండిపోయాయి. తర్వాత ఎన్‌ఈటీ న్యూయార్క్ పబ్లిక్ ఛానల్‌లో కలిసిపోయి డబ్ల్యుఎన్‌ఈటీ అయింది. వాళ్ల పాత సామానంతా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి చేరింది. అది లైబ్రరీ, దాని పనే దాచడం. కాబట్టి దాచింది. అక్కడున్నవి బ్రిటన్‌లో లేనివని మాత్రం చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

2010లో రెండు దేశాల జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే బ్రిటన్‌లో పోయాయనుకున్న టీవీ నాటకాలు 60కి పైగా అక్కడ దొరికాయి. అన్నీ 1957 నుంచి 1970 మధ్యవి. అందులో ఫ్రెంచ్ రచయిత జాన్ అనూయ్ నాటకం 'కొలంబ్' ఉంది, 1960లో తీసింది. హీరో ఎవరనుకున్నారు? షాన్ కానరీ. 'డాక్టర్ నో'తో జేమ్స్ బాండ్ అవడానికి రెండేళ్ల ముందు. బ్యాట్‌మన్ సినిమాల్లో ఆల్‌ఫ్రెడ్‌గా చేసిన మైకేల్ కెయిన్ కుర్రాడిగా కనిపించారు. ఇందాక చెప్పిన పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ కూడా ఉన్నారు. 1939లో ఆవిడ ఆడింది గాల్లో కలిసిపోయింది. 1960ల్లో ఆడింది సముద్రం అవతల దొరికింది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక రూల్ నేర్పించారు. బ్యాకప్, అసలు ఫైలు ఒకే మెషిన్‌లో ఉంటే దాన్ని బ్యాకప్ అనకూడదు. అసలుకి వచ్చిన ప్రమాదమే దానికీ వస్తుంది. బీబీసీ కాపీని చెరిపిన కారణాలు, అంటే ఆ ఖర్చు, ఆ రాక్, ఆ ఒప్పందం, న్యూయార్క్‌లో ఉన్న కాపీకి వర్తించవు. అందుకే అది బతికింది. భద్రంగా దాచాలని ప్లాన్ చేసి పంపింది కాదు. పదిమందీ చూడటానికి పంపారు, ఆ పంపడమే కాపాడింది.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. 'బ్రో, టీవీలో తీస్తే అది నాటకం ఎలా అవుతుంది? కెమెరా వచ్చింది, క్లోజప్ వచ్చింది, కొన్ని సీన్లు కట్ చేశారు. మరి దాచింది నాటకాన్నేనా?' కరెక్ట్ డౌటే. హాల్లో మీరు ఎవర్ని చూడాలో మీరే డిసైడ్ చేసుకుంటారు. టీవీలో ఆ పని కెమెరా చేస్తుంది. మూలన నిలబడి మాట్లాడకుండా నటిస్తున్నవాడు ఫ్రేములో లేకపోతే మీకు లేనట్టే.

దీనికి జవాబుగా ఇంకో కేసు చెప్తా. యూజీన్ ఓనీల్ అనే అమెరికన్ రచయిత నాటకం 'ది ఐస్‌మ్యాన్ కమెత్'. ఒక పాత బార్, అందులో తాగుతూ రేపటి గురించి కలలు కనే మనుషులు. 1946లో బ్రాడ్‌వేలో ఆడినప్పుడు పెద్దగా పేరు రాలేదు. ఓనీల్ 1953లో చనిపోయారు. 1956లో న్యూయార్క్‌లోనే ఒక చిన్న థియేటర్‌లో మళ్లీ వేస్తే జనం ఎగబడ్డారు. కారణం హికీ పాత్ర వేసిన జేసన్ రోబార్డ్స్. ఆ టైమ్‌లో న్యూయార్క్ ఛానల్ 13లో 'ప్లే ఆఫ్ ది వీక్' అని ఒక ప్రోగ్రామ్ వచ్చేది. ఒక నాటకాన్ని టేపు మీద తీసి, వారంలో చాలా రాత్రులు అదే వేసేవారు. 1960లో వాళ్లు ఈ నాటకాన్ని రెండు భాగాలుగా తీశారు. డైరెక్టర్ సిడ్నీ లూమెట్, మనందరికీ తెలిసిన '12 యాంగ్రీ మెన్' తీసిన ఆయనే. హికీగా రోబార్డ్స్‌నే పెట్టారు.

1973లో దీన్ని పెద్ద సినిమాగా తీసినప్పుడు హికీ పాత్ర లీ మార్విన్‌కి వెళ్లింది. అంటే ఆ నాటకాన్ని మళ్లీ బతికించిన రోబార్డ్స్‌ని, ఆ వయసులో, ఆ పాత్రలో ఇప్పుడు చూడాలంటే టీవీ వాళ్లు తక్కువ ఖర్చుతో స్టూడియోలో తీసిన ఆ టేపే దిక్కు. థియేటర్లో చూసిన అనుభవం దానికి సాటి రాదు, ఒప్పుకుంటా. కానీ ఆ గొంతు ఉంది, ఆ ఆగడం ఉంది, ఆ చూపు ఉంది. పుస్తకంలో అవి లేవు. ఇంకో విశేషం, ఆ ఛానల్ 13 చేతులు మారి 1962లో పబ్లిక్ ఛానల్ అయింది. ఇందాక మనం చెప్పుకున్న డబ్ల్యుఎన్‌ఈటీ అదే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

స్థానం నరసింహారావు గారి పేరు విన్నారా? 1902లో బాపట్లలో పుట్టారు. తెలుగు స్టేజీ మీద ఆడవేషాలకి ఆయన్ని మించినవారు లేరంటారు. 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ, 'కన్యాశుల్కం'లో మధురవాణి. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాడినవి గ్రామఫోన్ రికార్డుల్లో ఉన్నాయి. సినిమాల్లో నటించింది చాలా తక్కువ. ఆయన 1971లో కన్నుమూశారు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. ఆరేళ్ల తేడా. ఆ ఆరేళ్లలో మనం ఏం పోగొట్టుకున్నామో లెక్క కట్టడానికి కూడా ఏమీ మిగల్లేదు.

మా తాతయ్య కుర్రతనంలో స్థానం వారి సత్యభామని చూశారట. 'ఎలా ఉండేది తాతయ్యా?' అని అడిగితే, కూర్చున్న చోటే నడుము కొంచెం తిప్పి, లేని జడని ముందుకు వేసుకుని, 'ఇలా' అని ఆగిపోయేవారు. తర్వాత తల అడ్డంగా ఊపి, 'కాదురా, అలా కాదు, నాకు రాదు' అని నవ్వేసేవారు. ఆ సత్యభామ గురించి నా దగ్గరున్న డేటా మొత్తం ఆ రెండు సెకన్లే. ఇప్పుడు తాతయ్య కూడా లేరు.

తాతయ్య కూడా ఊళ్లో పద్యనాటకాలు ఆడేవారు. 'సత్యహరిశ్చంద్ర'లో నక్షత్రకుడు. హరిశ్చంద్రుణ్ణి అప్పు కోసం అడుగడుగునా సతాయించే పాత్ర. ఒకసారి పండక్కి ఆడినప్పుడు, పెళ్లిళ్లకి వీడియో తీసే ఆయన్ని పిలిపించి రాత్రంతా తీయించారు. వీహెచ్ఎస్ క్యాసెట్లు రెండు మా బీరువాలో చాలా ఏళ్లున్నాయి. 'తీరిక దొరికినప్పుడు కన్వర్ట్ చేయిస్తా' అని నేనే అంటూ వచ్చా. తాతయ్య పోయాక ఒకరోజు తీసి షాపుకి పట్టుకెళ్లా. టేపుకి బూజు పట్టింది. ఆ షాపాయన ఓపిగ్గా తుడిచి ఆడించాడు. మొదటి క్యాసెట్ వచ్చింది. తాతయ్య వచ్చారు, గొడుగు ఊపుకుంటూ. రెండో క్యాసెట్ పెట్టాం. కాటి సీను మొదలైంది, హార్మోనియం ఎత్తుకుంది, పద్యం సగంలో ఉంది. టక్కున గ్రౌండు, స్కోర్ బోర్డు, కామెంటరీ. ఎవరో ఖాళీ క్యాసెట్ దొరక్క దాని మీద క్రికెట్ మ్యాచ్ రికార్డు చేశారు.

ఎవరో ఏంటి, మా ఇంట్లోవాళ్లే. బీబీసీని తిట్టుకుంటూ ఈ ఎపిసోడ్ రాయడం మొదలుపెట్టా, అది గుర్తొచ్చి పెన్ను పక్కన పెట్టేశా. మా ఇంట్లోవాళ్లకీ తాతయ్య మీద పగ లేదు. మ్యాచ్ ఉంది, క్యాసెట్ కావాలి, అంతే.

అమ్మ ఒక మాట చెప్పింది. ఆ రోజుల్లో ఆ క్యాసెట్‌ని ట్రూపులోవాళ్లు ఒకరి తర్వాత ఒకరు అడిగి పట్టుకెళ్లేవారట, ఎవరో కాపీ కూడా తీసుకున్నారట. అప్పట్లో తాతయ్యకి కోపం, 'ఇచ్చిన క్యాసెట్ తిరిగి రావట్లేదు' అని. ఇప్పుడు నా ఆశంతా ఆ తిరిగి ఇవ్వనివాళ్ల మీదే. హార్మోనియం వాయించిన ఆయన పిల్లల్ని, చంద్రమతి వేషం వేసిన ఆయన మనవల్ని ఫోన్లు చేసి అడుగుతున్నా. ఇంకా దొరకలేదు, వెతుకుతున్నా.

మన ఊళ్లలో 80ల్లో, 90ల్లో వీడియో తీయించిన నాటకాలు బోలెడున్నాయి. టీవీలో వచ్చినప్పుడు ఇంట్లో వీసీఆర్‌లో రికార్డు చేసుకున్నవీ ఉన్నాయి. అటక మీద, బీరువా అడుగున, ట్రంకు పెట్టెలో. మీరు చేయాల్సింది చాలా సింపుల్. క్యాసెట్ దొరికితే వెంటనే ప్లేయర్‌లో పెట్టకండి, బూజు ఉంటే టేపు తెగుతుంది, హెడ్ పాడవుతుంది. తెలిసినవాళ్లతో శుభ్రం చేయించి డిజిటల్‌లోకి మార్పించండి. ఏ ఊరు, ఏ ఏడు, ఎవరు ఏ వేషం వేశారు అన్నది పెద్దవాళ్లుండగానే అడిగి రాయండి, పేర్లు లేకపోతే పాతికేళ్ల తర్వాత ఆ మొహాలు ఎవరివో ఎవరికీ తెలియదు. ఆఖరిది, ముఖ్యమైనది: ఆ ఫైలుని మీ ఒక్క ఫోన్‌లోనే పెట్టుకోకండి. ఆ నాటకంలో ఆడిన ప్రతి ఇంటికీ పంపండి. ఒక ఇంట్లో డిలీట్ అయితే ఇంకో ఇంట్లో ఉంటుంది.

మ్యాగీ స్మిత్ నాటకం దొరకడానికి 43 ఏళ్లు పట్టింది. నా కాటి సీను ఎప్పుడు దొరుకుతుందో చూద్దాం. ఈ ఆదివారం ఇంటికెళ్తే ఒకసారి అటక ఎక్కండి. ఏమైనా దొరికితే ముందు మీ వాళ్లకి పంపండి, తర్వాత నాకూ చెప్పండి.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.